ఎడమ అద్దంలో దీపం

మా ఆయనకు రెండు కార్లు నచ్చాయి. ఆ రెండూ నాకు నచ్చకూడదని నేను ముందే నిర్ణయించుకున్నాను.

ఒకటి తెల్లది, ఇంకొకటి ముదురు నీలం. రెండూ పేరున్న విదేశీ కంపెనీల కార్లే. ఆ కంపెనీలు చేసే వాటిలో చిన్న సెడాన్లు. "చిన్న కారు" అని నేనంటే ఆయనకు ఒళ్ళు మండేది. "చిన్నది కాదే, కాంపాక్ట్ అనాల" అనేవారు. స్టీల్‌ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా రిటైరైన మనిషికి అంత కారెందుకని ఆయన వైపు చుట్టాలూ, గోదావరి నుంచి నా వైపు చుట్టాలూ ఫోన్లు చేసి మరీ అడిగారు. వాళ్ళకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. అది మా ఇంటి సంగతి.

అసలు సంగతి కారు కాదు, కళ్ళు. ఆయనకు నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా, ఉందని బయటపడింది. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్కన ఉన్నది, అందులోనూ ఎడమ పక్కన ఉన్నది, కనబడదు. ఆ పక్క చూపు కూడా నొప్పీ సందడీ లేకుండా పోతుంది, అందుకే మాకు తెలియలేదు. భోజనాల బల్ల మీద ఎడమచేతి పక్కనున్న మంచినీళ్ళ గ్లాసును మాటిమాటికీ పడేస్తుంటే, పరధ్యానమని నేను కసురుకునేదాన్ని.

సీతమ్మధారలో కళ్ళ డాక్టరు దగ్గర ఆయన అక్షరాల పలకని కింది వరస దాకా గడగడా చదివేశారు. "సూసినావా, అన్నీ సదివీసినాను" అని నా వైపు గర్వంగా తిరిగారు. తర్వాత ఒక మిషనులో గడ్డం పెట్టి కూర్చోబెట్టారు. మినుకుమని చుక్క కనబడినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. ఈయన చుక్కలు ఏ లయలో వస్తున్నాయో కనిపెట్టి, కనబడకపోయినా అందాజుగా నొక్కుకుంటూ పోయారట. "మిషను మీకంటే తెలివైనదండీ" అని డాక్టరమ్మ నవ్వింది. ఆవిడ నవ్వడం అంతవరకే. పోయిన చూపు ఇక రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలని చెప్పింది. "డ్రైవింగ్ బాగా తగ్గించండి. వచ్చే పరీక్షలో ఇంకా తగ్గినట్టు తేలితే స్టీరింగ్ ముట్టుకోవద్దని రాసిచ్చేస్తాను" అంది.

ఒకే మాట ఇద్దరం విన్నాం. వచ్చే పరీక్ష దాకా నడపొచ్చని ఆయనకు వినబడింది. వచ్చే పరీక్షతో అయిపోతుందని నాకు వినబడింది. మెట్లు దిగుతూనే ఆయన "ఎల్దాం, కారు సూద్దాం" అన్నారు.

ఆయనకు కారంటే ఎందుకంత పిచ్చో చెప్పాలి. ఆయన నడిపిన క్రేను షెడ్డు కప్పు కింద పట్టాల మీద తిరిగేది. కరిగిన ఉక్కు నిండిన పెద్ద బానను ఎత్తి, అటు తీసుకెళ్ళి పొయ్యడం ఆయన పని. పైనున్న మనిషికి కింద అంతా సరిగ్గా కనబడదు, ఆ రొదలో మాట వినబడదు. అందుకని కింద ఒకడు నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. పైకెత్తు, మెల్లగా దించు, ఎడమకి జరుపు. ఆ సైగ లేనిదే క్రేను వీసమెత్తు కదలకూడదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ వేడిలో, ఆ ఇనప కుర్చీలో కూర్చుని, ఎవరివో చేతులు చూస్తూ నడిపిన మనిషికి ఒకటే కోరిక. "ఒకడి సైగ నేకండా, నా కంటితో నాను సూసుకొని, నాకు నచ్చిన కాడికి ఎల్లాల. సల్లటి సీట్లో కూకొని ఎల్లాల" అనేవారు. రిటైరయ్యాక మా పాత డొక్కు కారు అమ్మేసింది కూడా అందుకే.

ఆ సైగలు మా ఇంట్లోకీ వచ్చేశాయి. షెడ్డు రొదకు ఆయన చెవులు సగం మొద్దుబారాయి. పెళ్ళిళ్ళలో, బజారులో గొంతు చించుకోలేక నేనూ నేర్చుకున్నాను. ఆయన నా విస్తట్లో మజ్జిగ పోస్తుంటే వేళ్ళతో మెల్లగా దించమని చూపేదాన్ని. అరచెయ్యి కిందికి పెట్టి, చెయ్యి చాపి అడ్డంగా కోసినట్టు ఆడిస్తే "ఆపు" అని. మిగతా సైగలు సైగలవాడు ఇస్తేనే చెల్లుతాయిగానీ, ఆపు సైగ మాత్రం ఎవరిచ్చినా చెల్లుతుందని ఆయనే నేర్పారు. "కింద ఊడ్సేవోడిచ్చినా సరే, ఆపీయాల. ముందు ఆపాల, ఎందుకని తరవాత అడగాల" అనేవారు.

ఇక కార్ల సంగతి. ఆయనకు పరీక్షలోపు కారు ఇంటికి రావాలి. నాకు పరీక్ష అయ్యేదాకా రాకూడదు. ఈ మాట ఇద్దరం బయటకు అనలేదు. అందుకని కార్లను పోల్చడం మొదలుపెట్టాం. తెల్లది బాగుందని ఆయనంటే, గాజువాకలో తెల్ల కారు కొంటే సాయంత్రానికి ప్లాంటు ధూళితో ఇటుకరంగు కారవుతుందని నేనన్నాను. అయితే నీలందే అంటే, దానిమీద ఉప్పుగాలి మరకలు తెల్లగా తేలతాయన్నాను. మన వీధి స్పీడ్ బ్రేకరుకి రెండింటికీ పొట్ట గీసుకుంటుందన్నాను. ఒకదాని డిక్కీలో స్పేర్ టైరే సగం తినేసిందన్నాను. విశాఖ ఉక్కలో పైకప్పుకి కిటికీ ఏం చేసుకుంటామన్నాను. ఒకరోజు ఇంకేమీ దొరక్క, "తెల్లదానికి వెనక కిటికీ పెద్దది, ఎండ కొడుతుంది" అన్నాను. "ఎనక కిటికీ ఎవుడికి గావాలే? ఎనక కూకునేదెవుడు?" అని విసుక్కున్నారు.

ఆయన మనసు మాత్రం తెల్లదాని మీదే. అందులో ఏసీకీ పాటలకూ గుండ్రటి మీటలున్నాయి, టక్కు టక్కుమని తిరుగుతాయి. కళ్ళు దించకుండానే చెయ్యి వెళ్ళి వాటిమీద పడుతుంది, అచ్చం క్రేనులోలాగా. నీలందానిలో అన్నీ ఒకే అద్దపు పలక మీద. ఏది నొక్కాలన్నా కళ్ళు దించి వెతుక్కోవాలి. ఆయన బావ ఒకాయన ఫోన్ చేసి, "ఏటి బావా, సీర కొన్నట్టు ఇన్నిసార్లు సూత్తన్నావు, ఏదో ఒకటి తీసీ" అన్నాడు. ఈయన ఫోను నా వైపు చూపించి, "నాను కాదు బావా, ఈవిడ" అన్నారు. పరీక్ష రోజు దగ్గరపడుతోంది. ఆయన కారు కారని తపించిపోతుంటే, చేతికందబోతున్న దాన్ని నేను లాగేస్తున్నాను.

అప్పుడొచ్చింది ఆ దీపం.

నీలం కారు షోరూములో ఒక అమ్మాయి ఉండేది, చురుకైన పిల్ల. మేం ఎన్నోసారి వెళ్ళినా మొదటిసారి వచ్చినట్టే కుర్చీలు వేసేది. ఆ రోజు పక్క అద్దం మూలలో చిన్న గుర్తు చూపించి, "సార్, మీకు కనబడకుండా పక్కనుంచి ఏ బండి వచ్చినా ఇక్కడ నారింజరంగు దీపం వెలుగుతుంది. ఎడమ అద్దంలో ఒకటి, కుడి అద్దంలో ఒకటి" అంది.

ఆయన ఆ గుర్తుని వేలితో తడిమారు. మళ్ళీ చెప్పించుకున్నారు. ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "నా కన్ను సూడంది ఆ అద్దం సూత్తాదే" అన్నారు. ఆ దీపం లేని తెల్ల కారునీ, దాని మీటల్నీ ఆ పూటే వదిలేశారు.

అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. డాక్టరమ్మ తేలేని చూపుని ఒక చిన్న దీపం తెస్తుందనుకున్నాను. మర్నాడు పూజలో ఆ దీపానికే దణ్ణం పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ లాగిలాగి, ఇక లాగలేక, "సరే, ఒకసారి నడిపి చూడండి" అన్నాను.

బండి సంగతి కొండెక్కితేనే తెలుస్తుందని ఆయన పట్టుబట్టడంతో ఉదయం టిఫిన్లయ్యాక సముద్రం ఒడ్డునున్న యారాడ కొండ మీదికి బయల్దేరాం. ఆయన స్టీరింగు దగ్గర, నేను పక్కన, షోరూము అమ్మాయి వెనక. సింధియా కూడలి దాటేదాకా ఆయన ముఖం చూడాలి, పెళ్ళిచూపులకి వచ్చిన రోజున కూడా అంత వెలుగు లేదు. మలుపుల్లో ఆయన చేతులు ఎంత నెమ్మదిగా తిరిగాయో! "సూత్తన్నావా, ఎన్నలాగ ఎల్తంది" అన్నారు. ఆ చేతుల్ని చూస్తుంటే, డాక్టరమ్మ చెప్పిందంతా వేరే ఎవరి గురించో అనిపించింది.

కొండ ఎక్కుతుండగా నా పక్కనున్న ఎడమ అద్దంలో నారింజరంగు దీపం వెలిగింది. ఒక స్కూటరు మమ్మల్ని ఎడమవైపు నుంచి దాటుకుని వెళ్ళింది. మా ఊళ్ళో ఎవరూ కుడివైపు నుంచి దాటరు కదా. దీపం ఆరింది. కాసేపటికి మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. ఆయన ఏమీ అనలేదు. చూసి ఊరుకున్నారేమో అనుకున్నాను. పైకి చేరాక ఆయనే అన్నారు: "దీపం సూద్దామంటే పక్కకి ఒక్కడూ రాడేటి?"

ఆ మాట అంటున్నప్పుడు కూడా దీపం వెలుగుతూనే ఉంది.

ఆ దీపం ఉన్నది ఎడమ పక్కన. ఆయనకు చూపు లేనిదీ ఎడమ పక్కనే. కన్ను చూడలేనిదాన్ని చూసిపెట్టే దీపాన్ని, ఆ కన్ను చూడలేని చోటే పెట్టారు. కుడివైపు అద్దమైతే దగ్గర కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు కనబడేదేమో. ఎడమది ఎప్పటికీ కనబడదు. తల తిప్పి చూస్తేనే కనబడేదైతే, తల తిప్పినప్పుడు బండే కనబడుతుంది, దీపమెందుకు? ఇంత చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. ఆశ అలా కళ్ళు మూసేసింది.

అవతలి వైపు దిగడం మొదలైంది. ఎదురుగా బస్సొకటి ఎక్కుతూ వచ్చింది. దానికి దారివ్వడానికి ఆయన బండిని ఎడమకు తీయబోయారు. నా అద్దంలో దీపం వెలిగింది. కిటికీ పక్కనే ఒక మోటారు సైకిలు, వెనక చేపల గంప, దాన్ని పట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. ఆయన చేతులు ఎడమకు తిరుగుతున్నాయి.

నాకు అరుపు రాలేదు. నా చెయ్యే లేచింది. ఆయన ముఖానికెదురుగా, ఆయనకు చూపున్న చోట, చెయ్యి చాపి అరచెయ్యి కిందికి పెట్టి అడ్డంగా కోశాను.

ఆయన ఆపేశారు. ఎందుకని అడగలేదు. కారు అక్కడికక్కడ కొయ్యబారి నిలబడింది. గంప నా కిటికీకి దాదాపు రాసుకుంటూ వెళ్ళింది, ఆమె వెనక్కి తిరిగి తిట్టుకుంటూ పోయింది. బస్సు దాటిపోయింది. "చూశారా సార్, బ్రేకు ఎంత బాగా పట్టిందో" అంది వెనక నుంచి ఆ పిచ్చిపిల్ల.

"ఏటైంది?" అని ఆయన అప్పుడడిగారు.

"ఎడమ పక్క బండి ఉందండీ."

"దీపం ఎలగనేదు కదే."

"వెలిగింది. కొండెక్కిన దగ్గర్నుంచీ వెలుగుతూనే ఉంది."

ఆయన తల పూర్తిగా తిప్పి ఆ అద్దం వైపు చూశారు. అప్పటికి అందులో ఏమీ లేదు. ఒకరి సైగ లేకుండా నడపాలని ఎదురుచూసిన మనిషిని నా చేత్తో నేనే ఆపాను. ప్రాణాలు కాపాడానన్న మాట నాకు తోచనే లేదు. ఆ చేతిని నరికేసుకోవాలనిపించింది.

ఆయన బండిని పక్కకు కూడా తీయలేదు. ఇంజను ఆపి, దిగి, వెనక తలుపు తెరిచారు. "అమ్మా, నువ్వు నడుపు. నాను ఎనక సీటు సూత్తాను" అన్నారు. ఆ అమ్మాయి కంగారుగా ముందుకెళ్ళింది. నేనూ వెళ్ళి ఆయనకు ఎడమ పక్కన కూర్చున్నాను. ఆయన కాళ్ళు చాపి చూసుకున్నారు. సీటు నొక్కి చూశారు. "మోకాళ్ళు తగల్నేదు. తెల్లదాని కంటే ఇదే నయం" అన్నారు. ఎప్పటిలాగే రెండు కార్లనూ పోలుస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చూడకుండా తుడుచుకోనక్కరలేదని, నేను ఆయన ఎడమ పక్కనే ఉన్నానని గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను.

ఆ అమ్మాయి మెల్లగా మలుపులు దింపుతోంది. కొంతసేపటికి ఆయన, ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ, "సముద్రం రానేదేటి ఇంకా?" అన్నారు.

సముద్రం అప్పటికే ఎంతోసేపటినుంచి నా కిటికీ పక్కన మాతో పాటే వస్తోంది.

ఆయన గడ్డం పట్టుకుని మెల్లగా నా వైపుకు తిప్పాను. "వచ్చిందండీ. ఇదిగో" అన్నాను.

నా తల మీదుగా కిటికీలోంచి ఆయన సముద్రాన్ని చూశారు. యారాడ ఊరొచ్చేదాకా మెడ తిప్పలేదు. కారు ఆగాక, "తెల్లదాన్ది ఎనక కిటికీ పెద్దదన్నావు కదూ?" అని అడిగారు.

"అవునండీ."

"అయితే తెల్లదే తీసీసుకుందాం."