కళ్లం కింద మేడ

రేపల్లె దగ్గర మా ఊరి చివర ఒక మట్టిదిబ్బ ఉంది. దాన్ని మేడదిబ్బ అంటారు. ఎప్పుడో ఎవరో దొర అక్కడ మేడ కట్టుకుని, దొంగల భయానికి చుట్టూ అగడ్త తవ్వించాడట. మేడ ఏనాడో పోయింది. అగడ్త మాత్రం తూటికూరతో, గేదెలతో మా చిన్నతనమంతా కళకళలాడుతూ ఉండేది. దిబ్బలోని పాతమట్టి పొలాలకు బలమని ఊరంతా బళ్లకెత్తి తోలుకుపోయారు. మేమూ తక్కువ తినలేదు. దొరగారి మేడ సగం మా వరిచేలోనే ఉండాలి. కదలకుండా మిగిలింది మా కళ్లం ఉన్న చోటొక్కటే.

మినుములూ పెసలూ నూర్చే కళ్లం అది. ఏటా అమ్మ అగడ్తలోంచి బంకమట్టి తెచ్చి పరిచి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికేది. ఆ తడివాసన ఎక్కడ తగిలినా నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మిషన్లొచ్చి కళ్లంతో పని లేకుండా పోయింది. తర్వాత నాన్న పోయారు. అయినా అమ్మ ఏటా ఆ పని మానలేదు. ఎందుకమ్మా ఈ చాకిరీ అంటే, "నీకేంటే నొప్పి? చేసేది నేనేగా" అనేది.

కొన్నేళ్ల కిందట తవ్వకాలవాళ్లు వచ్చారు. వాళ్లకు పెద్ద ఒక తెనాలి అమ్మాయి. మేడ నేల దొరకాలంటే కళ్లం కిందే చూడాలంది. అమ్మ ససేమిరా అంది.

"ఆయన తిరిగిన నేలే అది. అదీ తవ్విస్తే ఇంక నాకేం మిగులుద్ది?" అని అన్నం దగ్గర నన్నడిగింది. 

ఆ అమ్మాయి విసుక్కోకుండా రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చునేది. "ఒక్క పక్కనే తవ్వుతామండి పిన్నిగారూ. పూడ్చాక నేనే అలికి వెళ్తాను" అంది ఒకరోజు.

"నువ్వా? అదీ చూద్దాం" అంది అమ్మ. అలా ఒప్పుకుంది.

గుంత తవ్వారు. నిలువునా కోసిన మట్టిలో ఒకదాని మీద ఒకటి సన్నటి చారలు. ఒక్కో చారా ఒక్కో ఏడాది పరిచిన మట్టి అని ఆ అమ్మాయి చూపించింది. అట్టడుగున దొరగారి నేల బయటపడింది. తీరా చూస్తే అదీ మట్టినేలే. అందరూ దాని చుట్టూ మూగారు గానీ అమ్మ పైచారల మీంచి చూపు తిప్పలేదు. వాటి మధ్య ఒకటి బెత్తెడు మందాన, ఎగుడుదిగుడుగా ఉంది.

"ఆ ఏడాది వరదొచ్చి ఒండ్రు పేరుకుందేమోనండి" అంది ఆ అమ్మాయి.

అమ్మ నావైపు చూసి నవ్వింది. "వరద కాదమ్మా. దీని పురిటికి నేను బాపట్లలో మా అమ్మ దగ్గరున్నా. ఆ ఏడాది కళ్లం ఆయనే చేశారు. మట్టి గంపలకొద్దీ కుమ్మరించి తొక్కేశారంట. ఊరంతా ఒకటే నవ్వు."

నవ్వుతూనే గుంతలోకి దిగింది. ఆ మందపాటి చార మీద అరచెయ్యి ఆనించింది. నాన్న పోయిననాడు కూడా నలుగురిలో ఏడవని మనిషి. "ఏవండీ, ఇక్కడున్నారా" అంది, పొద్దున్నే కాఫీకి పిలిచే గొంతుతో.