యాదగిరన్న చేతుల్లో సూటిగా నడిచిన బోటు

కిందటేడాది వానాకాలం. బోయిగూడలోని మా షెడ్డులో పని చేసుకుంటుండగా శేఖర్ సార్ ఫోన్ చేశారు. సిటీ బయట ఒక రిజర్వాయర్‌లో ఆయనకు టూరిస్టు బోటు ఉంది. "ఖాజా, బోటుకేం కాలే. నడపనీకి కొత్తగ పెట్టుకున్న పిల్లకే చెయ్యి కుదురుతలేదు. నువ్వొచ్చి బోటు మంచిగుందని ఒక్క మాట చెప్పు, ఆమెను తీసేస్త. ఆదివారం స్కూలు పిల్లల ట్రిప్పుంది" అన్నారు. బోటు చూడమంటే చూస్తాను, ఒకరి నౌకరీ నా నోటిమాట మీద పెడితే ఎలా?

సికింద్రాబాద్‌లో బోటు మెకానిక్ ఏంటని మా మల్కాజ్‌గిరి కాలనీలో అందరూ నవ్వుతారు. నీళ్లున్న చోటికి నేనే వెళ్తాను, అంతే. అయితే వాళ్లకు చెప్పని సంగతి ఒకటుంది. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ పట్టీలు మళ్లీ మళ్లీ లాగి చూసుకోనిదే బోటు ఎక్కను.

ఆ కొత్త డ్రైవర్ పేరు సునీత. కుట్టుపని మానేసి, లైసెన్సు తెచ్చుకుని చేరింది. నేను రిజర్వాయర్‌కు వెళ్లగానే ఒడ్డునే నన్ను ఆపింది. "భాయ్, నేను సీదా పట్టుకున్నా అది సీదా పోతలేదు. జెర స్పీడ్ పెంచితే ముక్కు ఎటు పోతదో తెలుస్తలేదు. గీడ తీసేస్తే మళ్ల నన్నెవరు పెట్టుకుంటరు?"

అది స్టెర్న్‌డ్రైవ్ బోటు. ఇంజన్ పడవ లోపల వెనక భాగంలో ఉంటుంది, ప్రొపెల్లర్ ఉన్న కాలు బయట నీళ్లలో ఉంటుంది. విడిగా చుక్కాని ఉండదు. స్టీరింగ్ తిప్పితే కేబుల్ ఒక లివర్‌ను కదుపుతుంది, లివర్ ఒక నిలువు షాఫ్ట్‌ను, షాఫ్ట్ గింబల్ రింగ్ అనే లోహపు కడియాన్ని తిప్పుతాయి. కాలు వేలాడేది ఆ కడియానికే. వీటిలో ఎక్కడ వదులొచ్చినా దాన్ని స్టీరింగ్ ప్లే అంటాం. చిక్కేమిటంటే నెమ్మదిగా పోయేటప్పుడు మంచి బోటు కూడా కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఇదీ అలాంటిదే అనుకుని సునీత మాట ఎవరూ నమ్మలేదు.

యాదగిరన్న అక్కడ పాత డ్రైవర్, ఏళ్ల తరబడి అదే బోటు నడుపుతున్నాడు. ముందు ఆయనే నన్నూ సార్‌నూ బోటులో తిప్పాడు. స్పీడ్ పెంచినా తాడు కట్టి లాగినట్టు సూటిగా పోయింది. కడ్డీ పట్టుకుని బిగుసుకుపోయిన నన్ను చూసి సార్ నవ్వారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు ఖాజా? యాదగిరికే భయం లేదు, నీకెందుకు పరేషాన్?"

నీళ్ల వైపు చూస్తే కళ్లు తిరుగుతాయని నేను యాదగిరన్న చేతులే చూస్తూ కూర్చున్నాను. సార్‌తో కబుర్లు చెబుతూనే చక్రాన్ని ఇంత ఎడమకు, ఇంత కుడికి తిప్పుతున్నాడు. సూటిగా పోయే బోటులో ఆ చేతులు ఒక్క క్షణం కూడా ఆగడం లేదు.

"అన్నా, జెర చక్రం కదపకుండ పట్టుకో" అన్నాను.

"ఎందుకు?"

"ఊకెనే."

పట్టుకున్నాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ముక్కు మెల్లగా పక్కకు జరిగి, ఉన్నట్టుండి కట్ట రాళ్ల వైపు తిరిగింది. యాదగిరన్న గబుక్కున స్పీడ్ తగ్గించి మళ్లించాడు. "గాలేమో" అన్నారు సార్. నీళ్ల మీద గాలి లేదు.

బోటును ట్రెయిలర్ మీదికి లాగించాను. సునీతను చక్రం కదలకుండా పట్టుకోమని, యాదగిరన్నను లోపల లివర్ చూడమని, నేను ప్రొపెల్లర్ కింది రెక్క పట్టుకుని అటూ ఇటూ ఊపాను. కాలు కటకటమంటూ ఆడింది. "లివర్ కదుల్తలేదు" అన్నాడు యాదగిరన్న లోపలి నుంచి. అంటే కేబుల్ బాగానే ఉంది. వదులంతా షాఫ్ట్ తలకూ కడియానికీ మధ్య ఉంది. కడియం బోల్టులు బిగించి మళ్లీ ఊపాను. ఇంకా ఆడుతోంది. బోల్టు వదులైతే బిగిస్తే పోవాలి. పోలేదంటే లోపల లోహమే అరిగింది.

"ఇంజన్ దించాలె సార్. ఆదివారం కాదు" అన్నాను.

సార్ మొహం ఎర్రబడింది. "యాదగిరి సంబాళిస్తడు. గీ ఒక్క ట్రిప్పు పోనీ."

"ఆయనకు తుమ్మొచ్చినా చెయ్యి ఆగుతది సార్. బోటులో పిల్లలుంటరు. బోటు మంచిగుందని నేను చెప్ప."

యాదగిరన్న కూడా తల అడ్డంగా ఊపేసరికి సార్ ట్రిప్పు రద్దు చేశారు. నాకు మాత్రం నిద్ర కరువైంది. విప్పి చూస్తే ఏమీ లేకపోతే? నా మాట పోతే పోయింది, ఆ పిల్ల సంగతేంటి?

షెడ్డులో ఇంజన్ ఎత్తి షాఫ్ట్ బయటికి తీశాక ఊపిరి పీల్చుకున్నాను. నాలుగు పలకలుగా ఉండాల్సిన తల అంచులరిగి గుండ్రబడింది. షాఫ్టు, కడియం, బుష్‌లు, సీళ్లు కొత్తవి వేసి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బోల్టులు బిగించాను.

ట్రయల్ మళ్లీ యాదగిరన్నే నడపాలన్నారు సార్. బోటు కదిలింది. స్పీడ్ పెంచగానే పాములా మెలికలు తిరగడం మొదలుపెట్టింది. "ఏం రిపేరు చేసినవయ్యా, ఇంకా ఖరాబు చేసినవ్" అని సార్ అరిచారు. వేసిన ప్రతి బోల్టునూ మనసులో మళ్లీ తడుముకున్నాను.

యాదగిరన్న బోటు ఆపాడు. తన చేతులు చూసుకున్నాడు. "బోటు కాదు సార్, నేనే. అలవాటుకొద్ది లేని వదులును దిద్దుతున్న" అన్నాడు. లేచి పక్కకు జరిగాడు. "బిడ్డా, నువ్వు పట్టుకో."

సునీత కూర్చుంది. అవతలి ఒడ్డు దాకా ముక్కు పక్కకు తొలగలేదు. ఆమె చేతులు చక్రం మీద ఊరికే ఆనుకుని ఉన్నాయి.

యాదగిరన్న సార్ వైపు తిరిగాడు. "ఈ పిల్లకు చెయ్యి రాదు, తీసెయ్యిండ్రని మీకు చెప్పింది నేనే సార్. రానిది ఆమెకు కాదు, నాకే." ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో పక్కనే ఉన్న నాకు తెలుసు. సునీత తల తిప్పలేదు, కళ్లు మాత్రం తుడుచుకుంది. ఆమెను తీసేసే మాట సార్ మళ్లీ ఎత్తలేదు.

అనుభవమున్న చెయ్యి బోటు జబ్బును ఎంతకాలమైనా కప్పిపెట్టగలదు. ఆ చేతికే ఆ సంగతి తెలియదు. అందుకే ఇప్పుడు ఏ బోటు చూడడానికి వెళ్లినా పనిముట్లు దించకముందే ఓనర్‌ను ఒక మాట అడుగుతాను: "మీ దగ్గర అందరికన్న కొత్తగ చేరినోళ్లు ఎవరు? ముందుగాల వాళ్లను పిలువుండ్రి."