అవసరమా నాన్నా?

ఎడిసన్‌లో నా రూమ్మేట్ ఒక ఫ్రెంచ్ కుర్రాడు, ఫిల్మ్ స్టూడెంట్. అతనికి వచ్చిన తెలుగల్లా "అవసరమా నాన్నా?" అన్న ముక్కే. నేర్పింది మాకు తెలిసిన ఒక ఆంటీ.

ఆవిడ కూతురి హాఫ్‌శారీ ఫంక్షన్‌కి వీడియో తీయడానికి అతన్ని నేనే తీసుకెళ్ళాను. లైట్లు, స్టాండు, డ్రోను మోసుకొచ్చాడు. "ఇంత లైటింగ్ అవసరమా నాన్నా? పిల్ల మేకప్ కరిగిపోతుంది" అని ఆంటీ లైట్లు తీయించేసింది. అక్షింతలు వేసేవాళ్ళ లైనుకి అడ్డమని స్టాండు తీయించింది. డ్రోను పెట్టెలోంచి బయటికే రాలేదు. చివరికి అతని చేతిలో ప్లేటు పెట్టి, "ముందు లంచ్ చేసెయ్ నాన్నా" అంది.

అతను తింటున్నంతసేపూ, పక్క కుర్చీలో పెట్టిన కెమెరా ఆ లైన్ని తీస్తూనే ఉంది. వీడియోలో పిల్ల ఎక్కడా లేదు. ఆవలించేవాళ్ళు, కుచ్చిళ్ళు సర్దుకునేవాళ్ళు, స్టేజీ ఎక్కేముందు నవ్వు తగిలించుకునేవాళ్ళు ఉన్నారు.

ఆంటీ నాతో మాట్లాడటం మానేసింది. అతని ప్రొఫెసర్ మాత్రం ఆ వీడియో చూసి "ఎంత నిగ్రహం!" అని మురిసిపోయాడట. అప్పట్నుంచీ మావాడు మినిమలిస్టు. ఫ్రేములో ఏ వస్తువు కనిపించినా "అవసరమా నాన్నా?" అని దాన్నే అడిగి తీసేసేవాడు. మా సోఫా కూడా అలాగే పోయింది.

అతని మొదటి సినిమాలో ఉన్నవి ఖాళీ గది, ఒక కిటికీ. ఆంటీని బతిమాలి పిలిచి చూపించాడు. ఆవిడ ఓపిగ్గా చివరిదాకా చూసింది.

"బానే ఉంది గానీ, అంతసేపు ఆ కిటికీ అవసరమా నాన్నా?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

మర్నాటికి సినిమాలో కిటికీ లేదు.