నాలుగో గుడ్డ

పోయిన నెల ఒక పొద్దున దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "నాయిన పోయిండు" అని రెండే మాటలు అన్నాడు. నేను అప్పుడు మామకు పంపడానికే జొన్నరొట్టె కాలుస్తున్నాను. ఛాతీ నొప్పి అంటే రెండు రోజుల ముందు చేర్చాం. తగ్గింది, రేపో మాపో ఇంటికి తెస్తాం అనుకున్నాం. పొయ్యి ఆర్పి అక్కడే కూర్చున్నాను.

మా మామ నారాయణఖేడ్‌లో మెకానిక్. కల్హేర్ వెళ్ళే రోడ్డు మీద రేకుల షెడ్డు, దాని వెనకే మా ఇల్లు. ట్రాక్టరు, జీపు, ఆటో, ఏది వచ్చినా చేసేవాడు. ఆయన్ని సాగనంపే రోజు నాగల్‌గిద్ద నుంచి కూడా జనం వచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఒకాయన బండి స్టార్ట్ కాలేదు. "ఇగ ఎవరికి చూపియ్యాలె?" అని ఆయన బాధపడుతుంటే, మా అత్త ఏడుపు మధ్యలోనే "జెర ముందుగాల రాకపోతివి, ఆయననే అడుగుదువు" అంది. అందరూ నవ్వారు. మా మామ ఉంటే ఆయన కూడా నవ్వేవాడు.

మీలో ఈ చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఆయన చేత బండి చేయించుకుని ఉంటారు. ఆయన చేతి పని మీకు తెలుసు. ఇంట్లో ఆయన ఎలా ఉండేవాడో నేను చెప్తాను.

మా ఇంట్లో కోడలు మామకు ఎదురుగా మాట్లాడదు. తల మీద కొంగు కప్పుకోవాలి, ఏదైనా అత్త ద్వారానే చెప్పాలి. నన్ను ఎవరూ గదమాయించలేదు. నాకూ సిగ్గు ఎక్కువే కాబట్టి అదే బాగుందనిపించేది. అత్త లేనప్పుడు షెడ్డులోని డ్రమ్ము మీద చాయ్ పెట్టి, గ్లాసు మీద చెంచాతో రెండుసార్లు కొట్టి వచ్చేదాన్ని. ఆయన తాగి, "అల్లం మంచిగ పడ్డది" అని గోడకు చెప్పేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే, "ఇయ్యాల ఉప్పు డబ్బ బోర్ల పడ్డట్టున్నది" అని పిల్లికి చెప్పేవాడు. నేను కొంగు చాటున నవ్వుకునేదాన్ని. మూడేళ్ళు అలాగే గడిచాయి.

ఆయన పని చూడటం నాకు ఇష్టం. విప్పిన ప్రతి బోల్టునూ ఒక అట్టముక్కకు గుచ్చేవాడు. ఇంజనులో ఏది ఎక్కడ ఉందో అట్ట మీద కూడా అక్కడే. తుప్పు పట్టిన నట్టు తిరగకపోతే, "రా బిడ్డా, రా, ఎంతసేపు అలుగుతవ్" అని దానితో మాట్లాడేవాడు. "ఇనుముతోని కొట్లాడొద్దు, బతిమాలాలె" అనేవాడు.

రెండేళ్ళ కింద బీదర్ నుంచి ఒక వకీలు పాత ఎర్ర కారు తెచ్చాడు. రెండే సీట్లు, నేలకు ఆనేంత కిందికి ఉంది. ఇలాంటివి పందేలకు తోలేవారట. దాని ఇంజను పక్కన పొగ పోయే పాత ఇనుప గొట్టం పగిలిపోయింది. దాని బదులు పెట్టడానికి పెద్ద డబ్బాలో మెరిసే స్టీలు పైపులు తెచ్చాడు. వాటిని హెడర్లు అంటారని అప్పుడే విన్నాను. నాలుగు పైపులు ఇంజనులోని నాలుగు రంధ్రాల నుంచి బయలుదేరి, మెలికలు తిరిగి, చివరికి ఒక్కటవుతాయి.

"పట్నంల ఇంజను దించాలె అన్నరు ఉస్తాద్" అన్నాడు వకీలు.

"దించుడెందుకు? రెండు రోజులు నాకు ఇడ్సిపెట్టు. ఇంజనుకు ఏమన్నయితే నేను మళ్ళ పానా పట్ట."

షెడ్డు ముందున్న పదిమంది ఆ మాట విన్నారు.

పాత గొట్టం తీశాక ఆ రంధ్రాల్లోకి తుప్పు రాలి పడకుండా గుడ్డలు కుక్కాలి. అత్త అడిగితే నా పాత ఆకుపచ్చ చీర చింపి నాలుగు ముక్కలు ఇచ్చాను. వాడిన గుడ్డలు ఉతికి మళ్ళీ ఇవ్వడం కూడా నా పనే.

రెండో రోజు సాయంత్రానికి పైపులు బిగించడం అయిపోయింది. అత్త కల్హేర్ అంగడికి వెళ్ళింది. మా ఆయన నాగల్‌గిద్దలో ఎవరిదో ట్రాక్టరు చూడటానికి పోయాడు. నేను షెడ్డు వెనక రాయి మీద గుడ్డలు ఉతుకుతున్నాను. ఆకుపచ్చవి మూడే ఉన్నాయి. బకెట్టులో, రాయి కింద, దారి పొడుగునా వెతికాను. నాలుగోది లేదు.

అది లోపలే ఉంటే, ఇంజను తిప్పగానే కాలి ఇరుక్కుంటుంది. ఇంజను దించక తప్పదు. మా మామ అన్న మాట అన్నట్టే నిలబెట్టుకునే మనిషి. నిజంగానే పానా ముట్టడు.

పరుగెత్తాను. వకీలు అప్పటికే కారులో కూర్చున్నాడు. డ్రమ్ము మీది ఖాళీ గ్లాసును చెంచాతో కొట్టాను.

"చాయ్ ఇప్పుడొద్దు" అన్నాడు మామ గోడ వైపు చూసి.

మళ్ళీ కొట్టాను. నాలుగైదుసార్లు కొట్టాను.

"ఏంది, ఇయ్యాల చాయ్ గింత జల్దీల ఉన్నది?"

వకీలు తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"ఆగుండ్రి మామా" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "గుడ్డలు మూడే ఉన్నయి. నాలుగోది లోపలనే ఉన్నది."

మామ మొదటిసారి గోడను కాదు, నన్ను చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. "వకీల్ సాబ్, చావి ఇటియ్యుండ్రి."

మళ్ళీ అంతా విప్పాడు. చివరి రంధ్రంలో లోపలికంటా పోయి ఉంది, నా చీర ముక్క. దాన్ని పట్టుకుని అందరికీ చూపించాడు. దాచుకోలేదు.

"కోడలు మాట్లాడదంటివి గద ఉస్తాద్?" అన్నాడు వకీలు.

"నాకు గూడ ఇప్పుడే ఎరుకైంది" అన్నాడు మామ. తర్వాత నాతో, "ఇటు రా బిడ్డా. నీ చెయ్యి సన్నగున్నది, గా కింది నట్టు నువ్వే తిప్పు" అన్నాడు.

తిప్పాను. ఆ రోజు నుంచి ఏ బండి స్టార్ట్ చేసే ముందైనా, "చూసినవా బిడ్డా?" అని అడిగేవాడు. చూశాను అని నేనన్నాకే తాళం తిప్పేవాడు. ఇప్పుడు మా ఆయనా అలాగే అడుగుతున్నాడు.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ సాయంత్రమే. ఇంజను మోగగానే కొత్త పైపుల మీది నూనె కాలి తెల్లటి పొగ లేచింది. వకీలు కంగారు పడ్డాడు. "కొత్తది గద, సిగ్గువడుతున్నది. జెరసేపట్ల పోతది" అన్నాడు మామ. పొగ పోయింది. ఇక మామ నడిపి చూడాలి. పైపుల పక్క నుంచి టిక్ టిక్ అని వస్తే గాలి కారుతున్నట్టట. ఆ పక్కన ఒకరు కూర్చుని వినాలి. నన్నే కూర్చోమన్నాడు. నేను వెనక సీటు కోసం వెతికాను.

"ఏం జూస్తున్నవ్? వెనక లేదు. గీ కారు చేసినోడు కోడండ్ల సంగతి సోంచాయించలే."

కల్హేర్ దగ్గర దాకా పోయాం. రెండు పక్కలా కంది చేలు పచ్చగా పూసి ఉన్నాయి. "ఏమన్న వినబడుతున్నదా?" అన్నాడు. "లేదు మామా, సాఫ్‌గ ఉన్నది" అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేకపోయాను. చిన్నప్పుడు మా మేక నా లెక్కల పుస్తకం తిన్న సంగతి చెప్పాను. బడిలో దెబ్బలకు భయపడి ఆ మేకనే సాక్ష్యానికి తీసుకుపోయిన సంగతి మొదలుపెట్టాను. ఆయన "ఊఁ, తర్వాత?" అంటున్నాడు. గాలికి నా కొంగు జారింది. ఇద్దరమూ పట్టించుకోలేదు.

తిరిగి ఊరు దగ్గర పడుతోంది. మేక ఇంకా బడి గుమ్మం కూడా ఎక్కలేదు. మామ కారును మెల్లగా చేశాడు. ఇంకా మెల్లగా చేశాడు. వెనక నుంచి ఒక ఆటో హారన్ కొట్టి మమ్మల్ని దాటింది. అందులో ఒడి నిండా వంకాయలతో మా అత్త, నోరు తెరిచి మా వైపు చూస్తూ ముందుకు పోయింది. ఆయన చెయ్యెత్తి పలకరించాడు గానీ వేగం పెంచలేదు.