మా ఊరికి ఇనుప కావలి పెట్టిన మావయ్య

సౌదీలోని బురైదాలో మావయ్య పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ నుంచి వచ్చి అన్నం తింటున్నాను.

"పొద్దున్న గదిలోనే పడిపోయారంటమ్మా. మా హాస్పిటల్‌కే తెచ్చారు. అప్పటికే అయిపోయింది. నేనే చూశాను," అంది అమ్మ.

"సరే," అన్నాను. మిగిలిన అన్నం తినేసి, కంచం కడిగి పెట్టాను. నాన్న గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. ఏడుస్తాననుకున్నట్టున్నారు. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. మాది కాకినాడ. అమ్మ నర్సుగా చేస్తుంటే మేమంతా బురైదాలో ఉండేవాళ్లం. మా బిల్డింగు మరమ్మతులు చూసే కంపెనీలో ఆయన వెల్డరు, కింది గదిలో ఉండేవారు. మా కిటికీకి గ్రిల్లు బిగించడానికి వచ్చిన రోజు అమ్మను "చెల్లె" అన్నారు. అమ్మ "టీ తాగుతారా అన్నయ్యా" అంది. అలా నాకు మావయ్య అయ్యారు.

అప్పుడు నాకు పదేళ్లు. బడి నుంచి వచ్చాక ట్యాబ్‌లో బ్లాకులతో ఊళ్లు కట్టే ఆట ఆడేదాన్ని. ఆటలో నా ఊరు ఎడారి మధ్యలో ఉండేది. పొద్దు గూకితే చాలు, శవాలు లేచొచ్చి జనాన్ని చంపేవి. నేను తలుపులు మూసుకుంటూ పరిగెడుతుంటే మావయ్య పని ఆపి నా భుజం మీదుగా చూశారు.

"గింత ఊరున్నది, కావలాయన లేడా బిడ్డా?"

"ఉంటాడు మావయ్యా. గోలెమ్ అంటారు. ఇనుముతో చెయ్యాలి."

ఇనుము అనగానే సుత్తి పక్కన పెట్టి కూర్చున్నారు.

ఇనుప బ్లాకులు నాలుగు కావాలి. ఒకదాని మీద ఒకటి రెండు, పైదానికి చేతుల్లా అటొకటి ఇటొకటి. ఆపైన ముఖం చెక్కిన గుమ్మడికాయ. అది పెట్టగానే బొమ్మలో కదలిక వచ్చి నడుస్తుంది. మావయ్య చెయ్యబోతే తెర ఆయన వేలిని గుర్తించలేదు. వెల్డింగు సెగకు వేలికొనలు అంత గట్టిపడిపోయాయి. చివరకు చిటికెన వేలు పనికొచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ వేలితోనే ఆడారు.

మొదటిసారి ఆయన చేతులు అతికించకముందే తల పెట్టేశారు. బొమ్మ లేవలేదు. తీసి మళ్లీ మొదలుపెట్టారు.

"గేటు పనిల గుడ గంతే బిడ్డా. కొసకు పెట్టేది కొసకే పెట్టాలె."

ఈసారి లేచి నడిచింది. మావయ్య పగలబడి నవ్వారు. "గుమ్మడికాయ మేం ఇంటి ముంగట దిష్టికి కడ్తం. ఇగ ఇది నడిచే దిష్టికాయ!"

అప్పటినుంచి రోజూ సాయంత్రం అస్ర్ నమాజు వేళకు పని దిగి, చేతులు కడుక్కుని పైకి వచ్చేవారు. ఒకసారి నేను కొండల మీది మంచు తెచ్చి మంచు మనిషిని చేశాను. రెండు మంచు బ్లాకులు, ఒక గుమ్మడికాయ. ఎడారి ఎండకు చూస్తుండగానే అది కరిగిపోయింది. "ఈడ ఇనుమే నిలుస్తది," అన్నారు మావయ్య. ఇనుప మనిషి ఊళ్లో పిల్లల ముందు ఆగి ఎర్ర పువ్వు చాపినప్పుడు తెర మీదికి వంగి చూశారు.

"పిల్లలకేనా? పెద్దలకియ్యడా?"

"పిల్లలకే మావయ్యా."

"మంచిగున్నది," అన్నారు. ఆయనకూ ఊళ్లో ఇద్దరు కూతుళ్లు.

ఊరి జనానికి భయం ఎక్కువైతే కావలి మనిషి తనంతట తనే పుట్టుకొస్తాడు. అలా పుట్టినవాడు ఒకరోజు నన్నే గాల్లోకి విసిరి చంపేశాడు. పొరపాటున నా కత్తి ఊరివాడికి తగిలింది మరి. నేను ఏడుస్తూ, మన చేత్తో చేసినవాడైతే మనల్ని కొట్టడని చెప్పాను.

"కొట్టాలె బిడ్డా," అన్నారు మావయ్య. "చేసినోళ్లను గుడ అడగకపోతే కావలెట్లయితది?"

తర్వాతి ఏడాది నితాకత్ లెక్కలో ఆయన కంపెనీ ఎర్ర జాబితాలో పడింది. సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోలేదట. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కాలేదు. పట్టుకుంటారన్న భయంతో మావయ్య గేటు దాటేవారు కాదు. కూరగాయలు నాన్నే తెచ్చిచ్చేవారు. అంతలో వెంట ఉండే కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను వచ్చింది. మా క్లాసులో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. అమ్మ హాస్టల్‌కి మారింది. నాన్నకూ నాకూ ఇండియా వెళ్లిపోవడానికి ఎగ్జిట్ వీసా కొట్టించారు.

బయలుదేరే రోజు మావయ్య పాత ఫోను ఒకటి సంపాదించి తెచ్చారు. అందులో ఆట ఎక్కించి, ఇద్దరం ఒకే ఊళ్లోకి ఎలా రావాలో చూపించాను.

"పో బిడ్డా. మంచిగ చదువుకో. ఊరు నేను జూసుకుంట."

చూసుకున్నారు. శుక్రవారం సెలవు రోజున ఆయన బురైదా నుంచీ నేను కాకినాడ నుంచీ ఆటలోకి వచ్చేవాళ్లం. కావలి మనిషి ఒంటి మీద పగుళ్లు కనిపిస్తే ఇనుప కడ్డీ ఆనించి పూడ్చడం ఆయనకెంతో ఇష్టం. ఒకసారి ఫోన్ చేసి, "కావలాయన పోయిండు బిడ్డా. ఇంత ఇనుము, పువ్వు, గంతే మిగిలింది," అన్నారు. మళ్లీ చేద్దామన్నాను. అప్పటికే చేసేశారు.

తర్వాత వేరే కంపెనీ తీసుకుంటే ఆయన ఇకామా బాగుపడింది, ఒకసారి తన ఇంటికీ వచ్చి వెళ్లారు. నాకు ఇంటర్ వచ్చింది, స్నేహితులు వచ్చారు. ఆటలోకి వెళ్లడం తగ్గించి, మానేశాను. పోయిన వేసవిలో ఆయన వాయిస్ మెసేజ్ పెట్టారు: "బిడ్డా, ఊర్లె కొత్తగ ముగ్గురు పిల్లలు పుట్టిండ్రు. వచ్చి చూడు." బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. నేను ఆయనకు పంపిన ఆఖరి జవాబు అదే.

కాగితాలన్నీ పూర్తయి మావయ్యను ఊరు చేర్చడానికి మూడు వారాలు పట్టింది. దినాలయ్యాక తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేను మీ మావయ్య ఇంటామెను బిడ్డా. ఆయన ఫోన్ల ఏదో ఊరున్నదట గదా. నాకు జూపిస్తవా?"

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడ నొక్కాలో చెబుతూ, నా ఫోన్లోనూ ఆట తెరిచాను. మావయ్య ఆడే బొమ్మ ఒక గోడ పక్కన నిలబడి ఉంది. కాసేపటికి కదిలి గోడకు కొట్టుకుంది.

"అంత నీలం నీలం ఉన్నది బిడ్డా. ఏం కనవడ్తలేదు."

"ఆకాశం చూస్తున్నారత్తయ్యా. వేలు కిందికి లాగండి."

బొమ్మ అడుగు అడుగుగా వీధిలోకి వచ్చింది. ఇళ్ల మధ్య నుంచి ఇనుప మనిషి నెమ్మదిగా నడిచొచ్చి ఎదురుగా ఆగాడు.

"ఇగో, ఈయనెవరు?"

"కావలాయన. మావయ్య చేశారు."

అత్తయ్య అడిగింది:

"ఈయనకు ఏమన్న తినవెట్టాల్నా బిడ్డా?"

నా తెర మీద, తలపైన మావయ్య పేరున్న ఆ బొమ్మ, ముందుకూ వెనక్కూ వెళ్లడం తెలియక, ఇనుప మనిషి ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడి ఉంది.