పేరు లేని పాతిక గ్రాములు

నరసరావుపేటలో కరీమున్నీసాకి ఎదురుపడ్డ మనిషి ఎవరైనా సరే, ముందు జబ్బ అప్పజెప్పాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ జబ్బని పట్టి, కళ్లు మూసుకుని, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ఆమె లెక్క చెప్పేది. "ఇరవై గ్రాముల లోటు." బాగున్నారా, పిల్లలెలా ఉన్నారు వంటి మాటలన్నీ ఆ తర్వాతే.

భర్త మహమూద్‌కి గుంటూరులో కాలికి ఆపరేషన్ అయినప్పుడు, అక్కడి డైటీషియన్ అమ్మాయి ఒక కాగితం చేతిలో పెట్టింది. "మాంసకృత్తులు అధికంగా ఉండే ఆహారం" అని దాని నెత్తిన పెద్ద అక్షరాలు. ఇంగ్లీషులో ప్రోటీన్ అంటారని ఆ అమ్మాయి చెప్తే, కరీమున్నీసా నోట్లో అది పోర్టీనుగా స్థిరపడింది. మూడు నెలల్లో మహమూద్ కాలు బాగైంది గానీ, పోర్టీను ఇల్లు వదిలి పోలేదు. కాగితానికి లామినేషన్ చేయించి పొయ్యి ఎదురుగా మేకుకి తగిలించింది. పక్కన ఒక పలక. దాని మీద ఇంట్లో వాళ్ల పేర్లు, రోజుకి ఎవరికెన్ని గ్రాములు.

కారంపూడిలో కొడుకు కోసం తహసీన్‌ని పెళ్లిచూపులు చూడ్డానికి వెళ్లిన రోజున కూడా ఆమె పిల్ల మొహం చూడలేదు. జబ్బ పట్టింది.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఉప్మా అండీ."

"నాలుగు గ్రాములు!" అంది కరీమున్నీసా, ఎవరో పోయారన్న కబురు విన్నట్టు. బయటికొచ్చాక పిల్ల నచ్చిందా అని అడిగితే, "పిల్ల బంగారం. తిండే మార్చాలి" అంది.

కాపురానికొచ్చిన తహసీన్‌కి నిజంగానే తిండి మారింది. పొద్దున గుడ్డు కొట్టిపోసిన పెసరట్టు. మధ్యాహ్నం సెనగపప్పు వేసిన కోడికూర. సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు. చివరికి చారు కూడా పప్పుకట్టుతోనే. ఇంతా చేసి అన్నీ రుచిగా ఉండేవి. సణుక్కోవడానికి సందు దొరక్కపోవడమే తహసీన్‌కి పెద్ద చిరాకు.

"ఇంకో గుడ్డు తినరా" అనేది కరీమున్నీసా, మోటార్లు చుట్టే షాపుకి బయల్దేరిన కొడుకు అన్సార్‌తో.

"ఇప్పుడే తిన్నా గదమ్మా."

"అది నిన్నటి లోటుకి. ఇది ఇవాళ్టిది."

ఓట్లడగడానికి వచ్చినాయన జబ్బ పట్టి, "అయిదేళ్లు నిలబడే కండ కాదు" అంది. ఏడాది తిరక్కుండా ఆయన పార్టీ మారాడు. వీధి చివర కిరాణా కొట్టు ముసలాయన జబ్బ పట్టి మాత్రం, ఏమీ అనకుండా మెల్లగా వదిలేసింది. వచ్చే శుక్రవారానికి ఆయన లేడు. అప్పట్నుంచీ ఆ వీధిలో వాళ్లకి ఆమె లోటు చెప్తే సంతోషం. నోరు విప్పకపోతేనే భయం.

తహసీన్‌కి అసలు భయం పలక దగ్గర మొదలైంది. పలక మీద పేర్లు నాలుగే. మహమూద్ అరవై, అన్సార్ డెబ్భై, కరీమున్నీసా యాభై, తహసీన్ యాభై. వాటి కింద ఒక గీత. గీత కింద, పేరు లేకుండా, పాతిక.

"అత్తమ్మా, ఈ పాతిక ఎవరిది?"

"అది లెక్కలోది కాదులే" అంది కరీమున్నీసా, చెరిగిన అంకెని సుద్దముక్కతో మళ్లీ దిద్దుతూ.

ఇంట్లో రాలిన వేరుశనగ గింజకి కూడా లెక్క చెప్పే మనిషి, లెక్కలో లేనిదాన్ని రోజూ ఎందుకు దిద్దుతుంది?

ఇంటి వెనక ఎత్తైన గోడ, దాన్ని ఆనుకుని ఒక రేకుల షెడ్డు. గోడ అవతల మధుబాబు ఇల్లు. నాలుగేళ్ల కింద మురుక్కాలవ దగ్గర మొదలైన తగువు ఎన్నికల దాకా పోయి, మహమూదూ మధుబాబూ మాటలు మానేశారు. ఆ కోపంలో లేచిన గోడ అది. రోజూ పొద్దు వాలే వేళకి కరీమున్నీసా తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పెదవి కదపకుండా ఆ షెడ్డులోకి పోయేది. అక్కడ ఆమెకి వేరే పొయ్యి, వేరే గిన్నెలు. తహసీన్ ఒకసారి గడప దాకా వెళ్తే లోపల్నుంచి కేక వినపడింది.

"ఆగు! గుడ్డు తిన్న చేత్తో లోపలికి రామాక!"

గుడ్డు తినమని ఇంటిల్లిపాది వెంటా పడే మనిషి, గుడ్డు తిన్నందుకు గడప తొక్కనివ్వలేదు.

కాసేపటికి లోపల ఇటుక మీద ఇటుక గీసినట్టు చప్పుడు. తర్వాత గుసగుసలు. ఒక గొంతు అత్తది. రెండోది ఎండుటాకు నలిగినట్టు ఉండేది, అసలు గొంతో కాదో తెలిసేది కాదు. ఆఖర్న మాత్రం ప్రతిరోజూ ఒకటే మాట స్పష్టంగా వినపడేది. "ఒక్క గ్రాము కూడా లేదు. ఒట్టి రుచే." ఆ మాటయ్యాక కరీమున్నీసా బయటికొచ్చి, రెండు చెంపలూ టపటపా వాయించుకుని, "తౌబా, తౌబా" అనుకుంటూ నమాజుకి పోయేది.

షెడ్డులో నిండుగా వండిన గిన్నె ఖాళీగా కడగడానికి బయటికొచ్చేది. ఒకసారి దాని అంచున పసుపు వేలిముద్ర. ఇంకోసారి మూరెడు తెల్ల వెంట్రుక. ఇంట్లో తెల్లజుట్టు ఎవరికీ లేదు. మహమూద్‌ది బట్టతల, కరీమున్నీసా జుట్టు గోరింటాకు ఎరుపు.

పక్క సందు రబియా కళ్లు పెద్దవి చేసి చెప్పింది. "ఆ షెడ్డు చోట ముందు బావి ఉండేదంట. పూడ్చేశారు. పూడ్చిన బావి ఊరికే ఉంటదా వదినా? దానికి ఆకలేస్తది."

తహసీన్ మొగుణ్ణి అడిగింది. "ఆ షెడ్డులో ఏముంది?"

"నేను చూళ్లా" అన్నాడు అన్సార్.

"మీ ఇంట్లోది మీరు చూళ్లేదా?"

"చూడనని అమ్మకి మాటిచ్చా. నువ్వు కూడా ఆ జోలికి పోమాక."

ధైర్యం చెప్తాడనుకున్న మనిషి ఉన్న ధైర్యాన్ని కూడా పట్టుకుపోయాడు.

ఇలా ఉండగా ఒకరోజు కరీమున్నీసా వంటింట్లో తహసీన్ జబ్బ పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు వదల్లేదు. తహసీన్‌కి కిరాణా కొట్టు ముసలాయన గుర్తొచ్చాడు. చివరికి కరీమున్నీసా కళ్లు తెరిచింది. "ఇది ఒకళ్ల చెయ్యి కాదు. ఇద్దరిది" అంది.

డాక్టరమ్మ ఆ మాట రెండు వారాల తర్వాత చెప్పింది. పలక మీద మాత్రం ఆ సాయంత్రమే తహసీన్ యాభై డెబ్భై అయింది. అందరూ సంతోషంగా ఉంటే, తహసీన్ గీత కిందికి చూసింది. పేరు లేని పాతిక ముప్పై అయింది.

తన కడుపులో బిడ్డ పడిన కబురు తెలిసిన రోజే ఆ కిందదానికీ ఆకలి పెరిగింది. అంతవరకూ ఆమె తన కోసమే భయపడింది. ఇప్పుడు బిడ్డ కోసం భయపడింది. ఏ తల్లికైనా ఆ భయం ముందు అత్తవారింటి రుచులు ఒక లెక్క కాదు. కారంపూడి వెళ్లిపోవాలి, కాన్పయ్యేదాకా ఈ గడప తొక్కకూడదు అని గట్టిగా అనుకుంది.

అవకాశం ఆ తర్వాతి గురువారమే దొరికింది. కరీమున్నీసా పెదకూరపాడులో బంధువుల పెళ్లి విందుకి పోయింది. పోయేముందు షెడ్డులో వంట చేసి, మూత పెట్టి, పొద్దు వాలే లోపల వచ్చేస్తానంది. మగవాళ్లు షాపులో ఉన్నారు. పొద్దుట్నుంచీ వాంతులతో ఏమీ తినని తహసీన్, సాయంత్రం తలంటుకుని సంచి సర్దుకుంది. అప్పుడే ఫోన్ మోగింది.

"బస్సు సత్తెనపల్లిలో ఆగిపోయిందే! వేరే బండి ఎక్కి ఊరి దగ్గరికొచ్చా. నేనొచ్చేదాకా షెడ్డు వైపు పోమాక, వింటన్నావా?"

వింటూనే ఉంది. వింటూ ఉండగానే వెనక నుంచి ఇంకో చప్పుడు కూడా వినపడింది. ఇటుక మీద ఇటుక గీసిన చప్పుడు. అత్త ఇంకా దారిలో ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

తహసీన్ సంచి పట్టుకుని వీధి గుమ్మం వైపు నాలుగడుగులు వేసింది. వెనక నుంచి ఎండుటాకు నలిగింది.

"ఆకలేస్తుందే..."

ఇంకే మాటైనా అయితే ఆమె పరుగెత్తి బస్టాండులో తేలేది. కానీ ఎనిమిది నెలలుగా ఆమె ఉన్నది కరీమున్నీసా ఇంట్లో. ఆకలన్న మాట వినపడ్డాక ఆ ఇంట్లో ఎవరి కాళ్లూ వీధి వైపు పోవు. తెలిసిన దువాలన్నీ చదువుకుంటూ, వెనక్కి నడిచింది.

షెడ్డులో మసక వెలుతురు. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె. దాని పైన గోడలో రెండు ఇటుకలంత చీకటి. ఆ చీకట్లోంచి మోచేతి దాకా ఒక చెయ్యి బయటికొచ్చి, వేళ్లు కదుపుతూ గాల్లో దేనికోసమో వెతుకుతోంది. వేళ్లకి పసుపు. తోలు, ఎముక, వాటి మధ్య చాలా కొంచెం మనిషి.

తహసీన్ అరవబోయింది. అరుపు రాలేదు. దానికి బదులు ఆమె ప్రమేయం లేకుండానే చెయ్యి లేచింది, వేళ్లు పోయి ఆ చేతిని మోచేతి దగ్గర పట్టుకున్నాయి. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"ముప్పై గ్రాముల లోటు" అంది తహసీన్, పైకే.

అన్నాక ఆమెకి అనుమానం వచ్చింది. దయ్యాలకి లోటు ఉంటుందా?

"ఎవరే అది?" అంది గోడ. "కరీమున్నీసా వేళ్లు కావే ఇవి!"

"నేను... కోడల్ని."

"ఓ, నీళ్లోసుకున్న పిల్లవి నువ్వేనా! నేను పార్వతమ్మనే, మధుబాబు వాళ్లమ్మని. గిన్నె ఇటియ్యి తల్లీ, కళ్లు తిరుగుతున్నయ్యి."

తహసీన్‌కి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గిన్నె మూత తీసింది. పెసరపప్పూ వేరుశనగలూ వేసి మెత్తగా వండిన అన్నం, పైన గడ్డపెరుగు. కన్నంలోంచి అందించింది.

"ఒక్క మాట చెప్పు తల్లీ" అంది పార్వతమ్మ. "దీంట్లో మాంసకృత్తులు లేవుగా?"

ఆ ఇంటి కోడలిగా తహసీన్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఎందుకు లేవు అమ్మమ్మా, బోలె..."

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె నోరు మూసేసింది. చెప్పులు చంకలో పెట్టుకుని, రొప్పుతూ, పెళ్లికి కట్టుకెళ్లిన చీరలో కరీమున్నీసా.

"ఒక్క గ్రాము కూడా లేదు పార్వతమ్మా! ఒట్టి రుచే!"

"అదీ మాట" అంది గోడ. ఆ తర్వాత నెమ్మదిగా అన్నం నమిలే చప్పుడు వినపడింది.

కరీమున్నీసా బయటికొచ్చి చెంపలు వాయించుకుంది. కోడలి వైపు తిరిగి మొదట అడిగింది ఒక్కటే.

"నీసు ముట్టావా?"

"లేదు. పొద్దుట్నుంచీ ఏమీ దిగలా."

"స్నానం?"

"చేశా."

"బతికించావు" అని గడప మీద కూలబడింది. అక్కడే అంతా చెప్పింది.

పార్వతమ్మది తాతల నాటి నుంచీ నీసు ముట్టని ఇల్లు. ఎనభై ఏళ్లలో గుడ్డు పెంకు కూడా తొక్కని మనిషి. రెండేళ్ల కింద కిందపడితే డాక్టరు, "ఒంట్లో మాంసకృత్తులు తగ్గినయ్యి, బాగా తినాలి" అన్నాడు. ఆమెకి మొదటి రెండక్షరాలే వినపడ్డాయి. అంతలో టీవీలో ఎవరో కందిపప్పులో, పెసల్లో, పెరుగులో మాంసకృత్తులు దండిగా ఉంటాయని చెప్పారు. "ఇన్నాళ్లూ తెలియక తిన్నా, ఇక చాలు" అని పప్పు మానేసింది, పెరుగు మానేసింది. చారు మెతుకుల మీద బతకడం మొదలుపెట్టింది. కొడుకు బతిమాలాడు, కోడలు ఇందిర కాళ్లు పట్టుకుంది. వినలేదు.

"వాళ్ల మాట వినకుండా నీ మాట ఎట్టా వింది?"

"అదేగా చిత్రం. 'మాంసం మొహం చూడనోళ్లు మావాళ్లు, వీళ్లకేం తెలుసు? రోజూ వండేదానివి నువ్వు, అది దేంట్లో ఉందో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసుద్ది' అంటది. నేను లేదంటేనే ముద్ద దిగుద్ది."

"మరి గోడలో ఆ కన్నం?"

"గోడ కట్టేటప్పుడు మేస్త్రితో చెప్పి రెండు ఇటుకలకి సిమెంటు పెట్టనియ్యలా. మొగోళ్లు మానేశారని మేమెందుకు మానుకోవాలి మాటలు? పెసలు, పెరుగు ఆ ఇందిరే పంపిద్ది. మొగోళ్లకి తెలిస్తే సిమెంటు పడుద్ది. కొత్తదానివి, నోరు జారుతావని నీకు చెప్పలా."

"నాకు ఇరవై పెరిగిన రోజే ఆమెకి అయిదు పెరిగిందేంది?"

"జొరమొచ్చి లేచింది గదే పాపం."

ఊళ్లో అందరికీ పోర్టీను ఉందని చాటే ఈ మనిషి, ఒక్క ముసలామె కోసం రోజూ లేదని చెప్తోంది. అత్త మీద అంత ప్రేమ పొంగుకొస్తుందని తహసీన్ ఎన్నడూ అనుకోలేదు.

"రోజూ అబద్ధం ఆడతన్నావా అత్తమ్మా?"

"రోజూ చెంపలేసుకుంటన్నా గదా" అంది కరీమున్నీసా. అప్పుడు ఆమె చూపు కోడలి భుజాన ఉన్న సంచి మీద పడింది. "ఇదేంది?"

తహసీన్ తల దించుకుంది. కరీమున్నీసాకి అర్థమైంది. మొహం చిన్నబోయింది. "అమ్మ మీద గాలి మళ్లిందా? పోయి రా. ఉప్మా మాత్రం తినమాక" అంది.

"పోను" అంది తహసీన్, సంచి కింద పెట్టి.

అత్త మోకాళ్ల నొప్పి పుణ్యమా అని, నెల తిరిగేసరికి సాయంత్రం గిన్నె తహసీన్ వంతుకి వచ్చింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని షెడ్డులోకి పోయి, ఇటుకలు తీసేది. పసుపు వేళ్లు బయటికొచ్చేవి.

"ఇవాళ మాంసకృత్తులు లేవుగా తల్లీ?"

"ఒక్క గ్రాము కూడా లేదు అమ్మమ్మా. ఒట్టి రుచే." టపటపా రెండు చెంపలూ.

అవతల చాలాసేపు నమిలిన చప్పుడు. తర్వాత ఖాళీ గిన్నె కన్నంలోంచి వచ్చింది. దాని వెనకే గొంతు కూడా, కొంచెం తగ్గించి.

"ఏమే తల్లీ, ఈ మధ్య లేచి తులసి దాకా నడవగలుగుతున్నా. రేపు ఆ లేనివేవో ఇంకాస్త ఎక్కువ వెయ్యి."

తహసీన్ వంటింట్లోకి వచ్చి, పలక మీద గీత కింద ముప్పై చెరిపి ముప్పై అయిదు రాసింది. పక్కన పేరు మాత్రం రాయలేదు.