అత్తయ్యగారి మోకాలికి నేనిచ్చిన డెమో

ఇన్సూరెన్స్ కంపెనీ చేతికి కత్తి ఇచ్చి, ఎక్కడ కొయ్యాలో గీత కూడా గీసిచ్చిన తెలివైనవాణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి, నేనే. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మా అత్తయ్యగారు, అంటే నా భార్య స్వాతి వాళ్లమ్మ, అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లో మాతోనే ఉంటారు. మాది లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో పై అంతస్తు. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. సొంత రక్తాన్నే తీసి, మెషిన్‌లో గిరగిరా తిప్పి, మోకాల్లోకి ఎక్కించే ఇంజెక్షన్ ఒకటి మా ఖర్చుతోనే చేయిస్తే, మెట్లు దిగి స్నేహితురాళ్లతో సాయంత్రం నడకకు వెళ్లగలిగారు. కొన్నాళ్లకు నొప్పి తిరిగొచ్చింది, ఇన్సూరెన్స్ మీద చేయిస్తున్న ఫిజియోథెరపీ ఒక్కటే సరిపోలేదు. రెండోది చేయించమని డాక్టరు రాసిచ్చారు. కానీ డాక్టరు వరమిచ్చినా ఇన్సూరెన్స్ పూజారి కరుణించాలి కదా. "ఇది ప్రయోగ దశలో ఉన్న చికిత్స, కవరేజీ లేదు" అన్నారు. అప్పీల్ చేశాను. వాళ్ల డాక్టరు వీడియో కాల్‌లో వింటానన్నాడు.

నా ఉద్యోగం క్లయింట్లకు సాఫ్ట్‌వేర్ డెమోలు ఇవ్వడం. మా శాస్త్రం ఒకటే: పనిచేసేది చూపించు, పనిచేయనిదాని దరిదాపులకు పోకు.

"అత్తయ్యగారూ, ముందు నడవాలి. తర్వాత కుర్చీలోంచి లేవాలి. చివర్లో కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. మొహంలో నొప్పి కనిపించకూడదు."

"నొప్పి ఉందనే కదా బాబూ మందు అడుగుతున్నాం? లేనట్టు నడిస్తే వాళ్లేమనుకుంటారు?"

"ఇంజెక్షన్ బ్రహ్మాండంగా పనిచేసిందనుకుంటారు. అప్రూవ్ చేస్తారు."

స్వాతి లాప్‌టాప్ సర్దుతూ, "అమ్మ చెప్పేది కరెక్టే. నువ్వు ఓవర్‌గా ప్లాన్ చేస్తున్నావ్" అంది.

"నువ్వు కెమెరా యాంగిల్ చూసుకో చాలు" అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

కాల్ మొదలైంది. అత్తయ్యగారు ముందే నొప్పి మాత్ర వేసుకుని, ఫుల్ చార్జింగ్ పెట్టిన ఫోన్‌లా వెలిగిపోతూ నడిచారు. కుర్చీలోంచి లేచారు. పళ్ల బిగువున నవ్వుతూ నేల మీద కూర్చున్నారు. తర్వాత జరిగింది ఇంగ్లీషులో జరిగింది. మీరు కూడా మనస్ఫూర్తిగా తిట్టుకోవడానికి తెలుగులో చెబుతున్నాను.

"ఈవిడ రోజూ ఇలా చేయగలరా?" అన్నాడు ఇన్సూరెన్స్ డాక్టరు.

"ఎన్నిసార్లయినా. రిజల్ట్ మారదు." క్లయింట్లకు చెప్పే అబద్ధం, అలవాటుగా వచ్చేసింది.

"చాలా సంతోషం. ఇంజెక్షన్ పనిచేస్తుందని రుజువు లేదు కాబట్టి ఇవ్వలేం. ఇంత బాగా నడుస్తున్నారు కాబట్టి ఇన్నాళ్లూ ఇస్తున్న ఫిజియోథెరపీ కూడా ఇక అక్కర్లేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మాకు మందు వేయకుండానే ఊడింది.

"ఆవిడ బాగుపడిందే ఆ ఇంజెక్షన్ వల్లండీ."

"ఒక్క మనిషి బాగుపడితే అది రుజువు కాదు."

"మరి ఫిజియోథెరపీ ఆపడానికి ఆ ఒక్క మనిషే ఎలా రుజువైంది?"

ఆయన మంచినీళ్లు తాగాడు.

"సార్, ఆవిడకి ఇప్పుడు కూడా నొప్పే. దాచమన్నది నేను."

"ఎన్నిసార్లయినా చేయగలరని మీరే అన్నారు కదా. ఇంకేమైనా సాయం కావాలా?"

అడిగిన సాయం చేయనివాడు ఇంకో సాయం గురించి అడగడాన్ని ఏ భాషలో మర్యాద అంటారో నాకు తెలియదు. కాల్ కట్ అయింది. నేను స్క్రీన్ వైపు చూస్తూ పళ్లు నూరుతున్నాను.

"బాబూ, అయిపోయిందా?" అన్నారు అత్తయ్యగారు.

"అయిపోయిందండీ."

"అయితే కాస్త లేపండి. ఇందాకటి నుంచీ లేవలేకే కూర్చున్నాను."

ఆవిడ కళ్లలో నీళ్లు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపుతుంటే, స్వాతి ఆవిడ భుజం మీదుగా నన్ను చూసి అడిగింది: "కెమెరా యాంగిల్ బాగానే వచ్చిందా?"

అత్తయ్యగారు ఇప్పుడు కింద స్నేహితురాళ్లు నడుస్తుంటే బాల్కనీలోంచి చేయి ఊపుతున్నారు. మళ్లీ అప్పీల్ చేశాను. నాకు అన్నం పెడుతున్న కీబోర్డు మీద ఒట్టు, ఈ జన్మలో ఇంకెవరి నొప్పికీ డెమో ఇవ్వను. ఈసారి మాత్ర లేదు, రిహార్సల్ లేదు. కెమెరా ఆన్ అయ్యేసరికే అత్తయ్యగారు నేల మీద కూర్చుని ఉంటారు. ఎలా లేపాలో ఆ డాక్టరుగారే చెబుతారు.